కుంగ్స్‌లేదెన్ దారిలో పప్పన్నం: మూడోసారీ పలుకే

మళ్ళీ నానలేదు! ఉత్తర స్వీడన్ కొండల్లోని కుంగ్స్‌లేదెన్ కాలిబాటలో, చెక్‌చా కనుమ మీద ఉన్న చిన్న చెక్క గదిలో కూర్చుని, వండి ఆరబెట్టి తెచ్చుకున్న పప్పన్నం వేన్నీళ్ళలో నానబెట్టిన సంచి విప్పితే అన్నం మెత్తగానే ఉంది, కందిపప్పు మాత్రం పంటికింద ఇసుకలా కరకరమంది. చాలా నిరాశగా ఉంది. ఈసారి కుదిరి తీరుతుందనుకున్నాను.

 నా దారి అబిస్కో నుంచి అబిస్కోయౌరె, అలెస్‌యౌరె, చెక్‌చా క్యాబిన్ల మీదుగా సెల్కా దాకా. 

రాత్రి వంటకు ఇబ్బంది లేదు. బస చేసే క్యాబిన్‌లో గ్యాస్ పొయ్యి, గిన్నెలు ఉంటాయి. వాగు నుంచి బకెట్‌తో నీళ్ళు తెచ్చుకుని పది నిమిషాలు ఉడికిస్తే ఇదే పొట్లం వెన్నలా అవుతోంది. మధ్యాహ్నం, దారిలో వేన్నీళ్ళు పోసి నానబెట్టినప్పుడే తంటా.

పొట్లానికి ఎండిన అన్నం 70 గ్రాములు, పప్పు 40. మొదటిసారి 250 మి.లీ. నీళ్ళు, 15 నిమిషాలు. రెండోసారి 300, 25 నిమిషాలు. ఆ రెండుసార్లూ ఆరుబయటే, కాబట్టి తప్పు గాలిదే అనుకున్నా. ఈసారి గది లోపల, సంచిని ఉన్ని టోపీలో చుట్టి 40 నిమిషాలు ఆగాను. థర్మామీటర్ పెట్టి చూశాను: పది నిమిషాలకు 71 డిగ్రీలు, ఇరవైకి 58, నలభైకి 43. ఎత్తును తప్పు పట్టలేం, అక్కడ నీళ్ళు దాదాపు 96 దగ్గర మరుగుతాయి.

ఒక పప్పు ముక్కని అరచేతిలో పెట్టుకుని గోటితో చీల్చాను. పైన పసుపు ముద్ద, మధ్యలో సుద్దముక్కలా తెల్లగా, గట్టిగా ఉంది. అప్పుడు అర్థమైంది. ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర తొమ్మిది గంటలు ఆరబెట్టినప్పుడు పళ్ళెం అంచున పొర 1 మి.మీ., నడుమ 4 మి.మీ. ఉంది. అంచు ముక్కలు కరిగిపోయాయి, పలుకు మిగిలినవన్నీ నడుమవే. పైపొర ముందే బిగుసుకుని లోపలికి నీళ్ళు పోనివ్వడం లేదని నా అనుమానం. పైగా తాలింపు వేశాకే ఆరబెట్టాను, ఆ నూనె కూడా అడ్డుపడి ఉంటుంది.

దారిలో నీళ్ళు కాచే స్టవ్ సంగతికొస్తే, నా ట్రాంగియా స్పిరిట్ స్టవ్ నిదానమే అయినా గాలిలో దాన్ని మించింది లేదు. గ్యాస్ డబ్బా తేలికని ఎంతమంది చెప్పినా నేను మారను.

ఇకపై పప్పు తాలింపు లేకుండా పలచగా ఆరబెట్టి, మిక్సీలో రవ్వలా కొడతాను. అన్నం బదులు అటుకులు. అవి చన్నీళ్ళలో కూడా నానతాయి కదా, ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో! నెయ్యి విడిగా చిన్న సీసాలో. శనివారం ఇంటి బాల్కనీలో, వాగు నీళ్ళకు బదులు ఫ్రిజ్ నీళ్ళు కాచి పరీక్ష. కుదిరితే సెప్టెంబరులో సెల్కా నుంచి సింగి, కెబ్నెకైసె మీదుగా నిక్కలువొక్తా దాకా నడుస్తాను. సింగిలో దుకాణం లేదు కాబట్టి నాలుగు పొట్లాలు ఎక్కువే కట్టుకోవాలి.