ఇరవై వేలలో నాలుగు కెమెరాలు: మిత్రుడి ఇంటికి కట్టిన లెక్క

ఇంటికి సీసీ కెమెరాలు పెట్టిద్దామనుకున్న ప్రతివాళ్లూ ముందు అడిగేది ఎన్ని కెమెరాలు, ఎన్ని మెగాపిక్సెల్ అని. అవి రెండూ ఆఖర్న తేలాల్సినవి. ముందు తేలాల్సింది ఒక్కటే: ఏ చోట, ఎవరి ముఖం, రాత్రి పూట గుర్తుపట్టేలా పడాలి? అది తేలితే లెన్సు తేలుతుంది, ఎత్తు తేలుతుంది, డబ్బు ఎక్కడ పెట్టాలో తేలుతుంది.

లెక్క కట్టింది ఖమ్మంలో మిత్రుడి ఇంటికి. 200 గజాలు, తూర్పు ముఖం, జీ ప్లస్ వన్. కింద వాళ్లుంటారు, పైన అద్దెకిచ్చారు. మెట్లు బయట నుంచి, దక్షిణం సందులో. సంక్రాంతికీ వేసవి సెలవులకూ ఊరెళ్తే కింది పోర్షన్‌కు పది పదిహేను రోజులు తాళం. మనిషి కూలితో కలిపి 20 వేలు దాటకూడదు.

ఈ బడ్జెట్‌కు కోయాక్సియల్ కేబుల్ (కేబుల్ టీవీ వైరు లాంటిది) మీద నడిచే హెచ్‌డీ కెమెరాలు, వాటిని రికార్డు చేసే పెట్టె, అంటే నాలుగు చానెళ్ల డీవీఆర్, సరిపోతాయి. వైఫై కెమెరా చౌకే, కానీ దానికీ కరెంటు వైరు లాగాల్సిందే. పైగా రికార్డింగ్ ఆ కెమెరాలోని మెమరీ కార్డులోనే ఉంటే, దొంగ కెమెరా పీక్కెళ్తే సాక్ష్యం కూడా వాడితోనే పోతుంది. అద్దె ఇంట్లోనో అపార్ట్‌మెంట్ తలుపు దగ్గరో ఒక్క కెమెరా చాలనుకుంటే మాత్రం వైఫైకి వంక పెట్టను. ఇల్లు ఇంకా కడుతుంటే గోడల్లో పైపులు వేయించి, క్యాట్‌6 అనే నెట్‌వర్క్ కేబుల్‌తో ఐపీ కెమెరాలకు (బొమ్మను నెట్‌వర్క్ మీద పంపేవి) వెళ్లడం మేలు.

ఇక లెన్సు సంగతి. 1080పి, అంటే 2 మెగాపిక్సెల్ బొమ్మలో అడ్డంగా 1920 చుక్కలుంటాయి. ముక్కూ మొహం తెలియని మనిషిని బొమ్మ చూసి గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకు 250 చుక్కలు పడాలని ఈఎన్ 62676-4 అనే యూరప్ ప్రమాణం చెబుతుంది. 1920ని 250తో భాగిస్తే సుమారు 7.7 మీటర్లు. అంటే మనిషి నిలబడ్డ చోట కెమెరాకు కనిపించే వెడల్పు అంతకు మించకూడదు. 2.8 ఎంఎం లెన్సు దాదాపు వంద డిగ్రీలు చూస్తుంది, కాబట్టి పదడుగులు దాటితే ముఖం చెదిరిపోతుంది. 3.6 ఎంఎం ఎనభై డిగ్రీలు, పదిహేను అడుగుల దాకా పర్వాలేదు. 6 ఎంఎం యాభై డిగ్రీలు, పాతికడుగులు దాటినా పనికొస్తుంది. మోడల్‌ను బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. షాపులో అడక్కపోతే చేతికొచ్చేది ఎక్కువగా 2.8. ఎక్కువ చోటు కనిపిస్తుందని అందరూ సంతోషిస్తారు. గేటు దగ్గర మనిషి వచ్చాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు.

అందుకే గేటు కెమెరా 3.6 ఎంఎం బులెట్, గొట్టంలా పొడుగ్గా ఉండే రకం. పోర్టికో బీముకు, నేల నుంచి ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో. అక్కడి నుంచి చిన్న గేటుకు పదమూడడుగులు. ఇంకా ఎత్తున, పిట్టగోడకు బిగిస్తే కెమెరా భద్రంగానే ఉంటుంది, కానీ కనిపించేది మనుషుల నడినెత్తి, టోపీ. ఇల్లు తూర్పు ముఖం కనుక పొద్దున ఎండ సూటిగా లెన్సులోకి కొడుతుంది. ఎదురు వెలుగును తట్టుకునే అసలైన డబ్ల్యూడీఆర్ ఈ ధరలో దొరకడం కష్టం, అట్ట మీద రాసి ఉండేది చాలావరకు సాఫ్ట్‌వేర్‌తో చేసే డిజిటల్ డబ్ల్యూడీఆర్. అందుకని కెమెరా తలను కిందికి వంచి, ఫ్రేములోకి ఆకాశం రాకుండా గేటు పై అంచు దగ్గరే బొమ్మ ఆగేలా బిగించాలి.

రెండోది పోర్టికోలో 2.8 డోమ్ (గుండ్రటి బుర్రలా ఉండేది): బండ్లు, చెప్పుల స్టాండు, సింహద్వారం. మూడోది దక్షిణం సందుకు 6 ఎంఎం బులెట్. సందు సన్నం, మెట్ల మొదలు దూరం, అక్కడ వెడల్పు చూపించి లాభం లేదు. దీనికో చిక్కుంది. గోడకు ఆనించి పెడితే, చీకట్లో చూడటానికి కెమెరా చిమ్మే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఆ తెల్ల సున్నం మీద పడి తిరిగొస్తుంది, దాంతో గోడ పాలలా వెలిగి మిగతాదంతా చీకటవుతుంది. కెమెరాను గోడ నుంచి జానెడు ముందుకు తెచ్చి, దగ్గరి గోడ బొమ్మ అంచులో కొద్దిగానే కనబడేలా తిప్పుకోవాలి. నాలుగోది వెనక తలుపు, గిన్నెలు తోమే చోటు: 2.8 బులెట్. పై పోర్షన్ వాళ్ల బాల్కనీ గానీ పక్కింటి కిటికీ గానీ ఏ కెమెరాలోనూ పడకూడదు. కొద్దిగా పడక తప్పదనుకుంటే డీవీఆర్‌లో ప్రైవసీ మాస్క్ గీసి ఆ ముక్క నల్లగా మూసేయాలి. మూడో కెమెరా సంగతి పైన ఉండేవాళ్లకు ముందే చెప్పాలి, వాళ్లు రోజూ నడిచే దారి అది.

డీవీఆర్ కొనేటప్పుడు ఒక్క అక్షరం జాగ్రత్తగా చూడాలి. చౌక డీవీఆర్‌ల మీద 1080ఎన్ అనో 1080పి లైట్ అనో ఉంటుంది. అది రికార్డు చేసేది 960 బై 1080. అంటే అడ్డంగా చుక్కలు సగమే. పైన చెప్పిన పదిహేనడుగులు ఏడున్నరకు పడిపోతాయి. టీవీలో లైవ్ చూస్తే బొమ్మ నున్నగానే ఉంటుంది, తేడా బయటపడేది రికార్డింగ్ ఆపి ముఖాన్ని దగ్గరికి లాగినప్పుడు. పూర్తి 1080పి రికార్డు చేసేదే అడిగి తీసుకోవాలి. 5 మెగాపిక్సెల్ కెమెరా కొని 2 మెగాపిక్సెల్ డీవీఆర్‌కు తగిలించడం కూడా వృథా, ఒక్కోసారి బొమ్మే రాదు. కెమెరాల మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు, ఆర్ అక్షరంతో మొదలయ్యేది, ఉందో లేదో చూడండి. సీసీ కెమెరాలకు సైబర్ భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024లో ఇచ్చిన ఉత్తర్వు 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

డబ్బు ఇలా పంచాం: డీవీఆర్ 3,500, నాలుగు కెమెరాలకు 5,200, ఒక టీబీ డిస్క్ 4,500, కేబుల్ 2,000, ఎస్‌ఎంపీఎస్ (కెమెరాలకు కరెంటిచ్చే పెట్టె), కనెక్టర్లు, బాక్సులు కలిపి 1,300, పైపులు క్లాంపులు 1,000, కూలి 2,000. మొత్తం 19,500. ఊరిని బట్టి, రోజును బట్టి అంకెలు మారతాయి. మించిపోతే వెనక కెమెరా ఒకటి తర్వాత పెట్టుకోవచ్చు, దాని వైరు మాత్రం ఇప్పుడే లాగి ఉంచాలి. కేబుల్, కరెంటు, డిస్కుల్లో మాత్రం పైసా తగ్గించొద్దు. ఏడాది తిరక్కుండా కెమెరాలు పనిచేయడం లేదని వినబడే ఇళ్లలో చాలాచోట్ల కెమెరా బాగానే ఉంటుంది, చెడిపోయేవి ఆ మూడే.

కేబుల్ అంటే త్రీ ప్లస్ వన్: బొమ్మకు ఒక కోయాక్సియల్, కరెంటుకు సన్న వైర్లు, అన్నీ ఒకే తొడుగులో. డీవీఆర్ నుంచి గేటుకు 18 మీటర్లు, పోర్టికోకు 14, సందుకు 20, వెనక్కు 16, మొత్తం 68. ప్రతి కేబుల్‌కూ రెండు కొసల్లో మీటరు చొప్పున మిగులు వదిలితే 76. 90 మీటర్ల చుట్ట ఒకటి చాలు. చుట్ట కొనేముందు కొస గీకి చూడండి. ఎర్రటి పూత కింద తెల్లగా మెరిస్తే అది రాగి పూసిన అల్యూమినియం, దాని నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లు. దాని వల్ల వచ్చే తంటా ఇది: అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ 20 మీటర్లు పోయి వస్తే నిరోధం దాదాపు ఒకటిన్నర ఓములు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగాక కెమెరా అర ఆంపియర్ లాగితే ముప్పావు వోల్టు దారిలోనే పోతుంది. అంతవరకు ఫర్వాలేదు. అల్యూమినియమైతే వోల్టు దాటుతుంది, తీగ ఇంకా సన్నమైతే రెండు. పగలంతా బాగుండి, చీకటి పడగానే కెమెరా ఆరి వెలిగి ఆరి వెలిగి చేస్తుంటే జబ్బు ఇదే. రాత్రి లైట్లు వెలిగి ఉండగా కెమెరా కొస దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి, 11 వోల్టుల కంటే తక్కువుంటే కెమెరా మార్చి లాభం లేదు.

ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టులు 5 ఆంపియర్లది. నాలుగు కెమెరాలకు రెండు ఆంపియర్లు చాలు కదా అని 2 ఆంపియర్ల అడాప్టర్ పెడితే అది రాత్రంతా పూర్తి బరువు మోస్తూ కాగిపోతుంది. ఎరుపు ప్లస్, నలుపు మైనస్, ఇది తిరగబడితే కెమెరా కాలిపోవచ్చు.

కోయాక్సియల్ కొసలకు బిగించే బీఎన్‌సీ కనెక్టర్లు ఎనిమిది కావాలి, పది కొనండి. స్క్రూ రకమైతే పని ఇలా: పై తొడుగు అంగుళం మేర ఒలిచి, మెష్‌ను (అల్లిన సన్న తీగల జాలీని) వెనక్కి మడిచి దువ్వాలి. లోపలి తెల్ల ప్లాస్టిక్‌ను పావు అంగుళం కోసి రాగి కోర్ బయటికి తీయాలి. కోర్‌ను మధ్య స్క్రూ కింద, మెష్‌ను బయటి క్లాంపు కింద బిగించాలి. వెంట్రుకంత మెష్ పోగు ఒక్కటి కోర్‌ను తాకినా బొమ్మ రాదు. అందుకే కెమెరా గానీ డీవీఆర్ గానీ తగిలించకముందే మల్టీమీటర్‌ను కంటిన్యూటీలో (తీగలు కలిస్తే కూసే మోడ్) పెట్టి కోర్‌కూ మెష్‌కూ మధ్య చూడాలి, కూత రాకూడదు. అవతలి కొసలో రెంటినీ కలిపి పట్టుకుంటే కూయాలి. కేబుల్ ఒక్కింటికి రెండు నిమిషాలు, మళ్లీ నిచ్చెన ఎక్కే పని తప్పుతుంది.

బొమ్మలో అడ్డచారలు పైకీ కిందికీ పాకుతుంటే అది సాధారణంగా ఎర్త్ తేడా. కెమెరా ఇనుప గ్రిల్‌కో రేకుల షెడ్డుకో బిగించి ఉంటుంది, మధ్యలో ప్లాస్టిక్ బాక్సు పెడితే పోతుంది. ఇంటి కరెంటు వైర్లున్న పైపులోనే ఈ కేబుల్ తోసినా చారలొస్తాయి, పైగా ప్రమాదం. బొమ్మ నలుపు తెలుపుల్లో గిర్రున తిరుగుతుంటే కెమెరా టీవీఐ, సీవీఐ, ఏహెచ్‌డీ అనే సిగ్నల్ పద్ధతుల్లో వేరేదాంట్లో ఉందని అర్థం, డీవీఆర్‌కు సరిపోయేదానికి మార్చాలి.

కెమెరా ఐపీ66 (దుమ్మూ నీళ్లూ తట్టుకునే రేటింగు) అయినా దాని తోకకుండే కనెక్టర్లు వాన తట్టుకోవు. ఒక్కో కెమెరా వెనక నాలుగంగుళాల పీవీసీ బాక్సు పెట్టి కనెక్టర్లు అందులో దాచాలి. వైరు బాక్సులోకి కింది నుంచి ఎక్కాలి, పైనుంచి దిగితే నీళ్లు వైరు పట్టుకుని లోపలికొస్తాయి. మొదటి వానాకాలంలోనే ఆకుపచ్చ చిలుము పట్టి బొమ్మ మసకబారుతుంది.

డీవీఆర్ హాల్లో టీవీ కింద పెట్టడం అలవాటు, దొంగకు కూడా ఆ సంగతి తెలుసు. దీన్ని పడగ్గది బీరువా పక్కన, గాలాడే చిన్న ఇనుప ర్యాకులో తాళం వేసి పెట్టాం. మూసిన అటక మీద వద్దు, ఖమ్మం ఎండలకు డిస్క్ తట్టుకోదు. కరెంటు ఇన్వర్టర్ లైను నుంచి, రూటర్ కూడా అదే లైన్‌లో. డీవీఆర్ డిస్క్‌తో 15 వాట్లు, కెమెరాలు రాత్రి 24, రూటర్ 10, అన్నీ కలిపి ఒక పాత ట్యూబ్‌లైట్ అంత. ఇల్లు తాళం వేసి వెళ్లేటప్పుడు మెయిన్ ఆపేసి, ఇన్వర్టర్ కూడా ఆపేసే అలవాటు చాలామందికి ఉంది. ఆ స్విచ్ మీద కాగితం అంటించండి.

డిస్క్ వీడియో నిఘా కోసం చేసిన రకమే కావాలి, డబ్ల్యూడీ పర్పుల్ గానీ సీగేట్ స్కైహాక్ గానీ. పాత కంప్యూటర్‌లోంచి తీసిన డిస్క్ రోజంతా రాస్తూ ఉండేందుకు చేసింది కాదు. లెక్క తేలిక: 1 ఎంబీపీఎస్ (సెకనుకు ఒక మెగాబిట్) అంటే రోజుకు 10.8 జీబీ. వీడియోను కుదించే హెచ్.265 పద్ధతిలో నాలుగు కెమెరాలకూ 2 చొప్పున ఇస్తే రోజుకు 86 జీబీ, ఒక టీబీలో పదకొండు రోజులు. ఊరెళ్లేది పదిహేను రోజులకు. తిరిగొచ్చేసరికి మొదటి రోజులు చెరిగిపోయి ఉంటాయి. గేటుకూ పోర్టికోకూ 2 ఉంచి, సందుకూ వెనక్కూ 1కి తగ్గిస్తే రోజుకు 65 జీబీ, పదిహేను రోజులు వస్తుంది. సెకనుకు 15 ఫ్రేములు చాలు. మోషన్ రికార్డింగ్ (కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయడం) పెడితే ఇంకా రోజులొస్తాయి గానీ, గేటు కెమెరాకు మాత్రం నిరంతరం రికార్డింగే ఉంచాం. తులసి కొమ్మ ఊగితే లేచే సెన్సర్, ఒక్కోసారి చీకట్లో మెల్లగా నడిచే మనిషిని వదిలేస్తుంది.

రాత్రి రంగుల బొమ్మ కోసం తెల్ల లైటున్న కెమెరా వెయ్యి ఎక్కువ పెట్టి కొనే బదులు, పోర్టికోలో 9 వాట్ల బల్బు రాత్రంతా వెలగనివ్వండి. పది గంటల చొప్పున నెలకు మూడు యూనిట్లు కూడా కాదు. చొక్కా రంగు తెలుస్తుంది, దొంగ వెనకాడతాడు కూడా.

ఇక పాస్‌వర్డ్. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ (మాల్‌వేర్), తయారీ కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లో, డీవీఆర్‌లలో చొరబడి వాటితోనే ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసింది. డీవీఆర్‌కు గట్టి పాస్‌వర్డ్ పెట్టించి కాగితం మీద రాసి బీరువాలో దాచాలి. అంతకన్నా ముఖ్యం, ఫోన్ యాప్‌లో డీవీఆర్‌ను ఇంటి యజమాని నంబరు మీదే రిజిస్టర్ చేయించాలి. తొందరలో బిగించేవాళ్లు తమ ఖాతాలో చేర్చి మీకు షేర్ చేసి వెళ్తారు. అంటే మీ వాకిలి వాళ్ల ఫోన్లో కూడా కనిపిస్తుంటుంది, రేపు వాళ్లు నంబరు మారిస్తే మీకు అధికారం ఉండదు. డబ్బు ఇచ్చేముందు ఎవరి ఖాతా అన్నది తెరిచి చూపించమనండి. యాప్ నుంచి చూడటానికి రూటర్‌లో పోర్టులు (బయటి నెట్ నుంచి లోపలికి దారులు) తెరవక్కర్లేదు, తెరుస్తామంటే వద్దనండి.

పని అయిందో లేదో రాత్రి ఎనిమిదింటికి చూడాలి. బల్బు ఆపి, ఒకరిని గేటు తీసుకుని లోపలికి నడవమనండి, మామూలుగా ఒకసారి, గబగబా ఒకసారి. లైవ్ చూడొద్దు. ప్లేబ్యాక్‌లో ఆపి ముఖం దగ్గరికి లాగి, ఆ మనిషిని ఎరగని వాళ్లకు చూపించి, తర్వాత అతన్ని ఎదురుగా నిలబెట్టి ఇతనేనా అని అడగండి. తడబడితే కెమెరాను అరడుగు దించి మళ్లీ చూడాలి.

గడియారం కూడా అప్పుడే సరిచేయాలి, టైమ్‌జోన్ జీఎంటీ ప్లస్ 5:30, ఎన్‌టీపీ (నెట్ నుంచి సమయం సరిచేసుకునేది) ఆన్. పావుగంట తేడా ఉన్న ఫుటేజీ మీద స్టేషన్‌లో ఒకటి, కోర్టులో ఇంకొకటి ప్రశ్నలొస్తాయి. ఏదైనా జరిగితే అదే రోజు ఆ గంటల ఫుటేజీని పెన్‌డ్రైవ్‌లోకి దించండి, డిస్క్ తనంతట తాను పాతవి చెరిపేస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జత చేయాలి, పాత చట్టంలో 65బి అనేవారే, అది. అందుకే డీవీఆర్ బిల్లు, సీరియల్ నంబరు ఆ పాస్‌వర్డ్ కాగితంతో పాటే ఉండాలి.

నెలకోసారి రెండు పనులు. నాలుగు కెమెరాల్లో నాలుగు వేర్వేరు రోజుల రికార్డింగ్ తెరిచి చూడటం ఒకటి, డిస్క్ ఆగిపోయినా లైవ్ మాత్రం వస్తూనే ఉంటుంది కనుక. బూజుకర్రకు మెత్తటి గుడ్డ చుట్టి లెన్సుల ముందు సాలెగూళ్లు తీయడం ఇంకొకటి. ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకు పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీళ్లొస్తాయి, లెన్సు ముందు ఒక్క పోగు వేలాడినా రాత్రి అది తెల్లటి తాడులా మెరిసి గేటును కప్పేస్తుంది.