యేసయ్యకి నచ్చదా, అమ్మమ్మకి నచ్చదా

బయటి దేశంలో పిల్లల్ని పెంచుతున్న క్రైస్తవ కుటుంబాలు ఎక్కడ కలిసినా మాటలు తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తాయి, వీళ్లు పెద్దయ్యాక విశ్వాసంలో నిలబడతారా లేదా అని. సండే స్కూల్ ఎక్కడ బాగుంది, యూత్ మీటింగ్స్ ఏ సంఘంలో బాగా జరుగుతాయి, ఫోన్ ఏ వయసులో ఇవ్వాలి, ఇవన్నీ అడుగుతాం చెప్పుకుంటాం. అవన్నీ అవసరమే, కాదనను. కానీ నా మనసులో ఎప్పుడూ తిరిగే ప్రశ్న వేరే ఉంది. మనం పిల్లల చేతిలో పెడుతున్నదాంట్లో దేవుడి మాట ఎంత, మన అలవాటు ఎంత?

ఈ ప్రశ్న నాకు మా పెద్దమ్మాయి దగ్గర నుంచి వచ్చింది. వీడియో కాల్‌లో అమ్మతో కలిసి ప్రార్థన చేసుకుంటున్నాం, అది కాలు మీద కాలేసుకుని కూర్చుంది, మా అమ్మ చూసి "అలా కూర్చోకూడదు తల్లీ, దేవుడికి నచ్చదు" అంది. ఇది వెంటనే కాలు దించేసింది, ఏం మాట్లాడలేదు. కాల్ అయ్యాక నా దగ్గరికి వచ్చి చాలా సీరియస్‌గా అడిగింది, "అమ్మా, అది యేసయ్యకి నచ్చదా, అమ్మమ్మకి నచ్చదా?" అని. ఎదురు మాట్లాడటం కాదు అది, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను కూడా నిజమే చెప్పాను. అమ్మమ్మకి నచ్చదు, అమ్మమ్మ అంటే మనకి గౌరవం కాబట్టి ఆవిడ ముందు అలా కూర్చోం, బైబిల్లో మాత్రం కాలు గురించి ఏమీ లేదు అన్నాను. "ఓకే" అని వెళ్లిపోయింది. ఆ తర్వాత అమ్మమ్మ ముందు ఎప్పుడూ అలా కూర్చోలేదు, ఎవరూ గుర్తు చేయకుండానే.

పిల్ల అడిగింది చిన్న ప్రశ్నేం కాదు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చాలా వరకు దాని గురించే. అన్యజనుల్లో నుంచి, అంటే యూదులు కానివాళ్లలో నుంచి, వచ్చినవాళ్లు కూడా సున్నతి చేయించుకుని మోషే ధర్మశాస్త్రం అంతా పాటిస్తేనే రక్షణ అని కొంతమంది పట్టుబడితే యెరూషలేములో అపొస్తలులు పెద్దలు కూర్చుని చాలాసేపు వాదించుకున్నారు. పేతురు లేచి, మన పితరులూ మనమూ మోయలేకపోయిన కాడిని వీళ్ల మెడ మీద ఎందుకు పెట్టాలి అన్నాడు. చివరికి అవసరమైన నాలుగు విషయాలు మాత్రం రాసి ఉత్తరం పంపారు. వాళ్లు వదిలింది దేవుడు స్వయంగా ఇచ్చిన ధర్మశాస్త్రంలోని సంగతుల్ని, మనమేమో అసలు దేవుడు చెప్పనివాటి కింద కూడా ఆయన సంతకం పెట్టేసి పిల్లల చేతికి ఇస్తున్నాం. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడకూడదు, దేవుడికి కోపం వస్తుంది. ఇంజినీరింగ్ కాకుండా ఆర్ట్స్ చదువుతానంటే, ప్రార్థన చేసుకో ప్రభువు చిత్తం అది కాదేమో. పద్ధతి మంచిదే అయి ఉండొచ్చు, భయం కూడా న్యాయమైనదే అయి ఉండొచ్చు, కానీ అది మన భయం అని మనం ఒప్పుకుని చెప్పాలి కదా.

ఎందుకంత పట్టింపు అంటే, ఈ పిల్లలు రోజూ రెండు లోకాల మధ్య తిరుగుతారు. స్కూల్లో ఒక పద్ధతి, ఇంట్లో ఒక పద్ధతి, ఏ పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో వాళ్లకి మనకంటే బాగా తెలుసు. పద్దెనిమిదేళ్లు వచ్చి ఇల్లు వదిలి వెళ్లాక మన అలవాట్లలో చాలా వరకు రాలిపోతాయి, అది మామూలే. అప్పటిదాకా దేవుణ్ణి ఆ అలవాట్లతో కలిపి ముడేసి ఇచ్చుంటే అవి పోయినప్పుడు దేవుడు కూడా పోతాడు, వాళ్లకి ఏది ఏదో విడదీసి చూసుకునే అవకాశమే ఉండదు. నేను మా ఇంట్లో చేసేది ఒక్కటే, ఏదైనా వద్దు అన్నప్పుడు అది ఎవరి మాటో కూడా చెప్తాను. ఇది వాక్యంలో ఉంది, ఇది మన ఇంటి పద్ధతి, ఇది కేవలం నాకు భయంగా ఉంది అందుకని. అలా చెప్తే పిల్లలు లెక్క చేయరేమో అనుకుంటారు చాలామంది, నా అనుభవంలో వాళ్లు ఇంకా ఎక్కువ వింటారు, ఎందుకంటే మనం "ఇది దేవుడి మాట" అన్నప్పుడు దానికి బరువు ఉంటుంది.

దీనర్థం ఊరి నుంచి తెచ్చుకున్నవన్నీ పనికిరావని కాదు. మా అమ్మ సంగతే చెప్తాను. మా పిల్లల క్లాస్‌మేట్స్ పేర్లు అడిగి మరీ తన బైబిల్ చివరి ఖాళీ పేజీలో తెలుగులో రాసుకుంది, నోరు తిరగని పేర్లు కొన్ని ఉంటాయి, వాటిని తనకి వచ్చినట్టు రాసుకుంది, రోజూ తెల్లవారుజామున ఒక్కో పేరూ పలికి ప్రార్థన చేస్తుంది. ఒక పిల్లాడి కాలు విరిగిందని మావాడు చెప్తే నెల తర్వాత కూడా "ఆ బాబు కాలు ఎలా ఉంది" అని అడిగింది, వీడే మర్చిపోయాడు. ఆ పేజీ ఫోటో తీసి పంపమని పిల్లలే అడిగారు. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో, నీలో ఉన్న నిష్కపటమైన విశ్వాసం ముందు మీ అవ్వ లోయిలో, మీ అమ్మ యునీకేలో ఉంది అంటాడు. తిమోతి వాళ్ల నాన్న గ్రీసు దేశస్థుడు, అమ్మ యూదురాలు, అంటే వాడూ రెండు సంస్కృతుల ఇంట్లో పెరిగిన పిల్లాడే. అవ్వ దగ్గర నుంచి ఏం వచ్చిందని పౌలు రాశాడో చూడండి.

భాష గురించి కూడా చెప్పాలి, ఇది చాలా ఇళ్లలో నొప్పి. మా పిల్లలు ఇంగ్లీష్‌లోనే ప్రార్థన చేస్తారు, తెలుగులో చేయమంటే కంఠతా పట్టినట్టు నాలుగు మాటలు అని ఆమేన్ అంటారు. నెహెమ్యా 13లో సరిగ్గా ఇదే ఉంది, బబులోను చెర నుంచి తిరిగి వచ్చిన యూదుల్లో పరాయి జాతుల ఆడవాళ్లని పెళ్లి చేసుకున్నవాళ్ల పిల్లల్లో సగం మంది అష్డోదు భాష మాట్లాడేవాళ్లు, యూదుల భాష వచ్చేది కాదు. నెహెమ్యా కోపంతో ఆ తండ్రుల్లో కొందర్ని కొట్టి జుట్టు పీకాడని రాసి ఉంది. ఆయన బాధ వేరు, ఆ పెళ్లిళ్లతో పాటు వేరే దేవతలు ఇంట్లోకి వస్తారన్నది ఆయన భయం, అయినా ఆ వచనం చదివినప్పుడు మా తరం తల్లిదండ్రులకి ఎక్కడో తగులుతుంది. కానీ దాని పక్కనే పెంతెకొస్తు దినం కూడా చదవాలి, అక్కడ దేవుడు అందరికీ ఒకే భాష నేర్పలేదు, ఎవరి భాషలో వాళ్లకి వినిపించాడు. అందుకని మా ఇంట్లో తెలుగు నేర్పడం వేరు, ప్రార్థన వేరు. తెలుగు నేర్పుతాను, గట్టిగానే నేర్పుతాను, అమ్మమ్మతో మాట్లాడాలి కదా. దేవుడితో మాత్రం ఏ భాషలో మనసు విప్పగలిగితే ఆ భాషలోనే.

ఇక రోజువారీ జీవితం. నాకు తెలిసినంతలో పిల్లల విశ్వాసానికి అసలు పునాది పడేది ఇక్కడే, ఆదివారం కాదు. ద్వితీయోపదేశకాండము 6లో దేవుడు తన మాటల్ని పిల్లలకి ఎప్పుడు చెప్పమన్నాడో చూస్తే, ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. అందులో మీటింగ్ అనే మాట లేదు. అంతకంటే ముందు వచనంలో ఈ మాటలు నీ హృదయంలో ఉండాలి అంటాడు, అంటే ముందు మనలో ఉండాలి.

మా ఆయన ఇంటి నుంచే పని చేస్తారు, శుక్రవారం సాయంత్రం ఆ వారం టైమ్‌షీట్ నింపాలి. ఒక శుక్రవారం మావాడు పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్నాడు. ఆయన బుధవారం దగ్గర ఎనిమిది గంటలు వేసి, కాసేపు ఆలోచించి, దాన్ని ఆరు చేశారు. వీడు చూసి ఎందుకు మార్చావు అని అడిగితే "బుధవారం నిన్ను డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాను కదరా, ఆ రెండు గంటలు పని చేయలేదు" అన్నారు. "మీ బాస్‌కి తెలీదు కదా" అన్నాడు వీడు. "తెలీదు" అన్నారాయన, అంతే, తర్వాత పని చేసుకున్నారు. వాక్యం చెప్పలేదు, పాఠం చెప్పలేదు. కొన్ని రోజుల తర్వాత టికెట్ కౌంటర్ దగ్గర పన్నెండేళ్లలోపు పిల్లలకి సగం రేటు అని బోర్డు ఉంది, మావాడికి అప్పుడే పన్నెండు నిండాయి, చూడటానికి పదేళ్లలా ఉంటాడు. కౌంటర్‌లో అమ్మాయి తనే సగం టికెట్ కొట్టబోయింది. "నాకు పన్నెండు అయిపోయాయి" అని వాడే చెప్పాడు. మీ మాట అవునంటే అవును కాదంటే కాదు అన్నట్టు ఉండాలని ప్రభువు కొండ మీద చెప్పింది మత్తయి 5లో ఎన్నిసార్లు చదివించి ఉంటాం, కానీ అది వాడి నోటి దాకా వచ్చిన దారి ఆ టైమ్‌షీట్ మీదుగానే వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను. లేవీయకాండము 19లో న్యాయమైన త్రాసులు న్యాయమైన రాళ్లు ఉండాలి అన్నది ఈ రోజుల్లో ఇలాంటి చోట్లే కదా తేలేది.

అలాగే ఇల్లు శుభ్రం చేయడానికి వచ్చే మనిషితో మనం ఎలా మాట్లాడతాం, మన యాసని వెక్కిరించినవాడి గురించి రాత్రి భోజనం దగ్గర ఏమంటాం, వేరే దేశం నుంచి వచ్చిన ఇంకో జాతి మనిషి గురించి మన ఇంట్లో ఏ పేరు వాడతాం, ఇవన్నీ పిల్లలు వింటున్నారు. యాకోబు పత్రిక 2లో మంచి బట్టలు వేసుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ల దగ్గర చోటు ఇచ్చే సంఘాన్ని ఆయన ఎంత గట్టిగా నిలదీశాడో తెలుసు కదా. మనం పరదేశులుగా బతుకుతూ ఇంకో పరదేశిని తక్కువగా మాట్లాడితే మన పిల్లలకి ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది, వాళ్ల క్లాసులో వాడు ఫ్రెండ్ కాబట్టి.

వేరే మతం ఫ్రెండ్స్ గురించి పెద్దగా రాయను. వాళ్ల ఇంటికి వెళ్తారు, వాళ్లు మా ఇంటికి వస్తారు. మీ నిరీక్షణ గురించి అడిగినవాళ్లకి సాత్వికంతో సమాధానం చెప్పమని పేతురు రాశాడు, ఆ సాత్వికం అనే మాట మర్చిపోకపోతే చాలావరకు సర్దుకుంటుంది.

కష్టమైనది సందేహాల విషయం. పెద్దమ్మాయి ఫ్రెండ్ వాళ్ల అమ్మకి జబ్బు చేస్తే మా ఇంట్లో అందరం చాలా రోజులు ప్రార్థన చేశాం, ఆవిడ చనిపోయింది. మా అమ్మాయి కొన్నాళ్లు ప్రార్థనలో కూర్చునేది గానీ నోరు తెరిచేది కాదు. ఒక రాత్రి "మరి ఎందుకు అడగమన్నాడు" అంది. దేవుడి చిత్తం అని ఒక్క మాటలో చెప్పేసి మూసేయొచ్చు, మనవాళ్లలో అది అలవాటు కూడా. నాకు తెలీదు నాన్నా అన్నాను, నాకూ కోపంగానే ఉంది అన్నాను. పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధని తీసేయమని మూడుసార్లు వేడుకుంటే తీయలేదు, గెత్సేమనేలో ప్రభువే ఈ గిన్నె తొలగించమని అడిగాడు, అవి ఇద్దరం కలిసి చదువుకున్నాం, వివరణ ఏమీ ఇవ్వలేదు. మార్కు 9లో తన కొడుకు కోసం వచ్చిన తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి అని ఏడుస్తాడు, యేసు ఆయన్ని తిప్పి పంపలేదు. పిల్లలకి ఇంట్లో ఇలాంటి ప్రశ్న అడిగే చోటు లేకపోతే బయట అడుగుతారు, బయట సమాధానం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

చెరలోకి పోయిన కుర్రాళ్ల కథ అంటే మా ఇంట్లో దానియేలు మొదటి అధ్యాయమే అందరికీ ఇష్టం. సింహాల బోను అందరూ చెప్తారు, మొదటి అధ్యాయం ఎవరూ సరిగ్గా చెప్పరు. పరాయి రాజ్యంలో వాడికి కొత్త పేరు పెట్టారు, బెల్తెషాజరు అని, ఒప్పుకున్నాడు. మూడేళ్లు కల్దీయుల భాష, విద్య నేర్పారు, నేర్చుకున్నాడు, అందరికంటే బాగా నేర్చుకున్నాడు. రాజు భోజనం దగ్గర మాత్రం, అది తిని అపవిత్రం కాకూడదని, ఆగాడు. ఆ ఆగడం కూడా గొడవ పెట్టుకుని కాదు, అధికారి దగ్గరికి వెళ్లి మర్యాదగా అడిగి, ఆయన భయం అర్థం చేసుకుని, తమని చూసుకునే మనిషితో, మాకు కూరగాయలూ నీళ్లూ ఇచ్చి పది రోజులు పరీక్షించి చూడండి అన్నాడు. ఏది తీసుకోవచ్చు ఏది తీసుకోకూడదు అన్న తేడా ఆ కుర్రాడికి ఎక్కడ తెలిసింది? వాడి పక్కన అమ్మా నాన్నా ఉన్నట్టు ఎక్కడా రాయలేదు, తెచ్చుకున్నది లోపల ఉండాలి.

మావాడు ఈ మధ్య ఫుట్‌బాల్ టీమ్‌కి సెలెక్ట్ అయ్యాడు, మ్యాచ్‌లు ఎక్కువగా ఆదివారం పొద్దున్నే. మా ఆయనా నేనూ ముందు విడిగా మాట్లాడుకున్నాం, దేవుడు శిక్షిస్తాడు అనే మాట ఇద్దరిలో ఎవరి నోటా రాకూడదు అనుకున్నాం. వాడితో కూర్చుని, ఆరాధన మన ఇంట్లో ఎందుకు ముందు వస్తుందో చెప్పాం, ఆట వాడికి ఎంత ఇష్టమో కూడా విన్నాం. కోచ్‌తో నేను మాట్లాడనా అంటే వద్దు నేనే మాట్లాడతా అన్నాడు. వెళ్లి అడిగాడు, ఆదివారం పొద్దున చర్చ్ ఉంటుంది, మధ్యాహ్నం మ్యాచ్‌లన్నిటికీ వస్తాను, ప్రాక్టీస్ ఒక్కటి కూడా మానను, కుదురుతుందా అని. ఆయన మంచిగానే విన్నాడట, ఉంచుకుంటాను గానీ మొదటి పదకొండు మందిలో మాత్రం ఉండవు అన్నాడట. వాడు ఇంటికొచ్చి ఏడ్చాడు. మేం ఆపలేదు, సంతోషించు అని వాక్యం చెప్పలేదు, పక్కన కూర్చున్నాం అంతే. ఈ సీజన్ అలాగే సబ్‌స్టిట్యూట్‌గా ఆడుతున్నాడు. వచ్చే సీజన్‌కి శనివారం మ్యాచ్‌లుండే వేరే క్లబ్ చూసుకోవాలా, ఇదే టీమ్‌లో ఉండాలా అని వాడే లెక్కలు వేసుకుంటున్నాడు, అడిగినప్పుడు మా అభిప్రాయం చెప్తున్నాం.