చల్లని ఇంజిన్‌కే తెలిసిన లీకు

ఈ రోజంతా పికప్ దగ్గరే గడిచింది. కొంతకాలంగా కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బాలో మట్టం కనీస గీత కిందికి దిగుతూ ఉంది. పోస్తే నిండుతుంది, కొన్నాళ్లకు మళ్లీ దిగుతుంది. బండి నిలిపిన చోట నేల మీద చుక్క కూడా కనిపించదు. ఉష్ణోగ్రత ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటోంది గానీ, ఆ ముల్లును నమ్ముకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు. కూలెంట్ బాగా తగ్గి సెన్సర్ చుట్టూ గాలే మిగిలితే అది సరైన వేడిని చూపించదు. అప్పటికి ఇంజిన్ పై భాగమైన సిలిండర్ హెడ్ వేడికి వంగిపోయే ప్రమాదం ముంచుకొస్తుంది.

తెల్లవారి ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే బానెట్ ఎత్తాను. ముందు పెద్ద అనుమానాలు తీర్చుకోవాలి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ శుభ్రంగా ఉంది, కూలెంట్ కలిస్తే వచ్చే పాల రంగు లేదు. డ్యాష్‌బోర్డు కింద కార్పెట్ పొడిగానే ఉంది, హీటర్ వేసినా కూలెంట్ తియ్యటి వాసన రాలేదు. హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్ కింద ఉండే సీలు), హీటర్ కోర్ (క్యాబిన్‌ను వేడి చేసే చిన్న రేడియేటర్) రెండూ బాగానే ఉన్నట్టు అనిపించి ప్రాణం తేలికపడింది.

తర్వాత రేడియేటర్ మూత తీసి, లోపల ఒత్తిడి ఎక్కించి లీకు పట్టే ప్రెషర్ టెస్టర్ బిగించాను. మూత మీద 1.1 బార్ అని ఉంది కాబట్టి అంతవరకే పంపు కొట్టాను. ఈ ఒత్తిడి చాలా ముఖ్యం. 1 బార్ అదనపు ఒత్తిడిలో మామూలు నీరే సుమారు 120 డిగ్రీల దాకా మరగదు. లీకుతో ఆ ఒత్తిడి నిలవకపోతే ఆ రక్షణ కూడా పోయినట్టే. టెస్టర్ ముల్లు చూస్తుండగానే మెల్లగా కిందికి జారింది.

టార్చితో వెతికితే వాటర్ పంపు కింద ఎండిన కూలెంట్ గులాబీ రంగు పొలుసు కనిపించింది. పంపు సీలు పోయిందనుకోవడం సులువే. కానీ సీలు పోతే కూలెంట్ కారే పంపు చిన్న రంధ్రం దగ్గర తడి లేదు, పొలుసు దాని పై అంచు నుంచే మొదలైంది. లీకు జాడ వెతికేటప్పుడు ఎప్పుడూ పైకే వెళ్లాలి. చిన్న అద్దం పట్టుకుని పైకి వెళ్తే, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే కవాటం) గూడు పక్కన హీటర్ గొట్టం క్లాంపు అంచున ఒక చుక్క ఉబ్బుతూ కనిపించింది. నిండి, జారి, అదే దారిలో పంపు మీదికి దిగింది. చాలా సేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

ఇంజిన్ వేడెక్కితే రబ్బరు, లోహం వ్యాకోచించి ఆ సందు మూసుకుపోతుంది. చల్లారితే మళ్లీ తెరుచుకుంటుంది. కారిన కొద్దిపాటి తడి మరుసటిసారి ఇంజిన్ వేడికి ఆవిరైపోతుంది. నేల పొడిగా ఉన్నది ఇందుకే.

గొట్టం లాగితే లోపల లోహపు మెడ మీద తెల్లని తుప్పు గరుకుగా తగిలింది. సన్నని ఎమెరీ కాగితంతో నున్నగా రుద్ది, కొత్త గొట్టం తొడిగి, స్ప్రింగ్ క్లాంపు పెట్టాను. స్క్రూ క్లాంపు కన్నా ఇదే నయం అని నా నమ్మకం. రబ్బరు కాలక్రమంలో అణగినా, స్ప్రింగు దాన్ని నొక్కుతూనే ఉంటుంది. లీకు మూసే పొడులు నేను వాడను, అవి హీటర్ కోర్ సన్నని దారులనూ పూడ్చేస్తాయి.

తీసిన కూలెంట్‌ను మూత ఉన్న డబ్బాలో పోశాను. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకితే ప్రాణం పోతుంది. తర్వాత అదే రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపాను. హీటర్ పూర్తిగా తిప్పి ఇంజిన్ నడిపితే లోపల చిక్కిన గాలి బుడగలుగా బయటికి వచ్చింది. థర్మోస్టాట్ తెరుచుకుని పై గొట్టం వేడెక్కేదాకా మట్టం చూస్తూ ఆగాను.

సాయంత్రం ఇంజిన్ చల్లారాక మళ్లీ 1.1 బార్ ఎక్కించాను. ముల్లు కదల్లేదు. డబ్బా మీద ఇప్పటి మట్టం దగ్గర మార్కరుతో గీత గీశాను. రెండో హీటర్ గొట్టం కూడా పాతదే, అంచుల దగ్గర కాస్త మెత్తబడింది. వచ్చే సెలవు రోజు దాన్ని మారుస్తాను.