లైఫ్ జాకెట్ వేసుకుని వరండాలో నిలబడ్డాను

రెండో విడత ప్రభుత్వ గ్రాంటు నిన్న సాయంత్రం మా సంఘం ఖాతాలో పడింది. కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

2017 నవంబర్ 12న విజయవాడ దగ్గరి పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి 20 మందికి పైగా పోయారు. అప్పటి నుంచీ కృష్ణలో పడవ నడిపేవారికీ, సరదాగా ఎక్కేవారికీ భద్రత నేర్పించాలని మా ఆరాటం. స్వచ్ఛంద సంస్థలు పేరు నమోదు చేసుకునే దర్పణ్ పోర్టల్‌లో మా నమోదు ఒక్క పూటలో అయింది. మొదటి విడత కూడా పేచీ లేకుండా వచ్చింది. 40 లైఫ్ జాకెట్లు కొని, పున్నమి ఘాట్‌లో శిక్షణ ఇచ్చాం.

ఆ తర్వాత వచ్చింది వినియోగ ధ్రువపత్రం, అంటే డబ్బు దేనికి ఇచ్చారో దానికే ఖర్చుపెట్టామని రాసిచ్చే కాగితం. ప్రభుత్వ ఆర్థిక నియమాల (జీఎఫ్ఆర్) 12-ఏ ఫారం నింపి, ఆడిటర్ సంతకంతో ఆఫీసుకు పట్టుకెళ్లాను. గుమస్తా గారు కళ్లద్దాలు పైకి నెట్టి, “ఎవరైనా నీళ్లలో పడ్డారా?” అన్నారు. లేదండీ అన్నాను. “మరి జాకెట్లు వినియోగమైనట్టు ఎలా రాయమంటారు?”

నాకు నోట మాట రాలేదు. ఎవరూ మునగకపోవడమే మా తప్పన్నమాట!

మూడోసారి వెళ్లినప్పుడు, ఒకటి తెచ్చి చూపమన్నారు. తెచ్చాను. వేసుకోమన్నారు. యాభై నాలుగేళ్ల వయసులో, ఆ వరండాలో, కాళ్ల మధ్య నుంచి పట్టీ తీసి నడుము దగ్గర బిగించుకుంటుంటే పింఛను కోసం వచ్చిన పెద్దవాళ్లు కూడా నవ్వారు. టీ కుర్రాడు దానికి వేలాడుతున్న ఈల ఊదాడు. లోపలి నుంచి సూపరింటెండెంట్ “ఏమిటా గోల?” అని కేకేశారు. గుమస్తా గారు మాత్రం తాపీగా “భౌతిక తనిఖీ జరిగింది” అని రాసుకున్నారు.

మీరూ ఇలాంటి గ్రాంటు తీసుకుంటే దానికి వేరే ఖాతా తెరవండి. వచ్చిన వడ్డీ మీది కాదు, ప్రభుత్వానికే తిరిగి కట్టాలి. మాది 312 రూపాయలు; అది కట్టడానికి ఆటోలకే అంతకన్నా ఎక్కువైంది. మంజూరు తేదీకి ముందు నాటి బిల్లు ఒక్కటి కూడా పెట్టకండి. ఇక ఆడిటర్ మీద కోపం వచ్చినా బయటపడకండి, నేను పడ్డాను.

ఒకటి మాత్రం గొప్పగా చెప్పుకుంటాను. మా దగ్గర నేర్చుకున్న సరంగు ఒకాయన ఇప్పుడు పట్టీలు తడిమి చూడందే పడవ కదపడు.

ఆ రోజు విప్పిన జాకెట్‌ను “నమూనాకు ఉండనివ్వండి” అంటూ గుమస్తా గారు బీరువాలో పెట్టేశారు. రసీదు అడిగితే చిన్నబుచ్చుకున్నారు. మా రిజిస్టరులో 40, గదిలో 39. ఆడిట్ వచ్చే నెలలో.