పిల్లల దగ్గర నుంచి పుస్తకం దాకా: స్పెషల్ ఎడ్యుకేషన్ స్కూల్ అసిస్టెంట్ ప్రిపరేషన్ అనుభవాలు

స్పెషల్ ఎడ్యుకేషన్ స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు చదువుతున్న మిత్రులందరికీ నమస్కారం. మీలో చాలామంది నాలాగే మండలంలో ఐఈఆర్పీగా, అంటే వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే రిసోర్స్ పర్సన్‌గా చేస్తూ, పగలంతా ఆ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో వాళ్లతో ఉండి, రాత్రి పూట పుస్తకం తెరిచేవాళ్లే అయి ఉంటారు. ఉద్యోగం మానేసి చదివేవాళ్లతో పోటీ పడగలమా అనే భయం మీకు ఉంటుంది. పడగలం. మన సిలబస్‌లో పెద్ద భాగం మనం రోజూ చేసే పనే. దాన్ని పరీక్షకు పనికొచ్చేలా ఎలా మార్చుకోవాలో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

ముందు పోస్టుల సంగతి. 2024 ఫిబ్రవరి 29న వచ్చిన తెలంగాణ డీఎస్సీలో 11,062 పోస్టులుంటే, స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) పోస్టులు దక్కాయి. ఇలాంటి పోస్టుల కోసం చాలా కాలంగా కోర్టులో పోరాటం నడిచింది. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబర్ 28న సుప్రీంకోర్టు వైకల్యం ఉన్న పిల్లలకు ప్రాథమిక తరగతుల్లో 10 మందికి, పై తరగతుల్లో 15 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని చెప్పింది. 2025 మార్చి 7న మళ్లీ అన్ని రాష్ట్రాలకూ పోస్టులు మంజూరు చేసి ప్రకటించమని ఆదేశించింది. 'మన సబ్జెక్టుకు ఇక నోటిఫికేషన్ రాదు' అని ఎవరైనా అంటే ఈ తేదీలు గుర్తు చేసుకోండి. పరీక్షలో కూడా అడగదగ్గ విషయమే.

2024 పరీక్ష కంప్యూటర్ మీద, జూలై 18 నుంచి ఆగస్టు 5 వరకు విడతలుగా జరిగింది. ప్రశ్నకు అర మార్కు చొప్పున 160 ప్రశ్నలకు 80 మార్కులు, మిగతా 20 టెట్ నుంచి. టెట్‌ను పాసయ్యే పరీక్షగా మాత్రమే చూసి వదిలేసినవాళ్లు ఇక్కడ వెనకబడతారు. స్కోరు తక్కువుంటే టెట్ మళ్లీ రాయండి. ఆంధ్రప్రదేశ్ మిత్రులకైతే టెట్‌లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కే విడిగా పేపర్ 1బి, 2బి ఉన్నాయి. 2బిలో 150 మార్కులకు 60 మన స్పెషలైజేషన్ నుంచే వస్తాయి కాబట్టి ఒకే చదువు రెండు పరీక్షలకూ పనికొస్తుంది.

ఇక అసలు చదువు. మన దగ్గర దొరికే మెటీరియల్‌లో పెద్ద ఇబ్బంది, పాత చట్టం నిర్వచనాలు కొత్త చట్టం నిర్వచనాలతో కలిసిపోయి ఉండటం. వైకల్యం ఉన్నవారి హక్కుల కోసం వచ్చిన 1995 పీడబ్ల్యూడీ చట్టంలో 7 వైకల్యాలు, దాని స్థానంలో వచ్చిన 2016 ఆర్పీడబ్ల్యూడీ చట్టంలో 21 అని అందరికీ వచ్చు. ఆ లోపలికి వెళ్తేనే తికమక. పాత చట్టంలో చూపు 6/60కి మించకపోతే, లేదా దృష్టి క్షేత్రం 20 డిగ్రీలు అంతకంటే తక్కువైతే అంధత్వం. కొత్త చట్టంలో మంచి కన్నుకు అద్దాలు పెట్టాక కూడా 3/60 కంటే తక్కువ, లేదా క్షేత్రం 10 డిగ్రీల కంటే తక్కువ. వినికిడిలో పాత చట్టం 60 డెసిబెల్స్ దగ్గర ఒకే గీత గీసింది. కొత్తది రెండు చెవుల్లో 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి తక్కువ ఉన్నవారు అని విడదీసింది. ఉద్యోగాల్లో రిజర్వేషన్ 3 శాతం నుంచి 4కు, ఉన్నత విద్యలో 3 నుంచి 5కు పెరిగింది. ప్రశ్నలో '2016 చట్టం ప్రకారం' అన్న మాట ఉందో లేదో చూడకుండా జవాబు నొక్కితే మార్కు పోతుంది. నేను ఒక పెద్ద చార్టు మీద మధ్యలో గీత గీసి, ఎడమ 1995, కుడి 2016 అని రాసుకుని భవిత కేంద్రం గోడకే అంటించుకున్నాను. ఫిజియోథెరపీకి పిల్లలను తీసుకొచ్చిన తల్లులు అడిగితే వాళ్లకు వివరిస్తూ నాకూ వచ్చేసింది. ఇది నిజంగా పనిచేసే పద్ధతి. వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు వెళ్లే ముందు 40 శాతం అంటే ఏమిటో ఆ తల్లికి అర్థమయ్యేలా చెప్పగలిగితే 'బెంచ్‌మార్క్ వైకల్యం' (40 శాతం, అంతకు మించిన వైకల్యం) మీద ఏ ప్రశ్న వచ్చినా భయం ఉండదు.

అదే చట్టంలో సెక్షన్ 16, 17, 31 మూలం తెచ్చుకుని చదవండి, గైడు సరిపోదు. సెక్షన్ 17లో అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వరుసగా ఉన్నాయి. సెక్షన్ 31 బెంచ్‌మార్క్ వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఇస్తుంది. విద్యాహక్కు చట్టంలో 14 ఏళ్లు కదా అని ఆగిపోకండి.

ఇప్పుడు నేను ఎక్కువ చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. స్కూల్ అసిస్టెంట్ పోస్టు ఉన్నత పాఠశాలది. 6, 7, 8 తరగతుల పిల్లలు మన చేతికి వస్తారు. కానీ మనం చదివే ఉదాహరణలన్నీ చిన్నపిల్లలవి: రంగులు గుర్తించడం, పూసలు గుచ్చడం, బొమ్మలు జతపరచడం. పన్నెండు, పదమూడేళ్ల పిల్లల లోకం వేరు. ప్రైమరీలో ఒకే టీచర్ రోజంతా చూసుకునేవారు. హైస్కూల్లో పీరియడ్‌కు ఒక సారు, ఒక మేడం వస్తారు. ఎవరికీ ఆ ఒక్క పిల్లాడి గురించి పూర్తిగా తెలియదు. చదవడం రాని పిల్లాడు ఈ వయసుకు దాన్ని దాచడం నేర్చుకుని ఉంటాడు. చదవమంటే నీళ్లు తాగొస్తానంటాడు, పుస్తకం మర్చిపోయానంటాడు, లేదా పక్కవాణ్ణి గిల్లి గొడవ చేసి బయట నిలబడతాడు. స్టాఫ్‌రూమ్‌లో వాడికి 'అల్లరోడు' అనే పేరొస్తుంది. సమస్య ప్రవర్తన ఎందుకు వస్తోందో కనిపెట్టే ఏబీసీ విశ్లేషణ, అంటే ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత వాడికి ఏం దక్కింది అన్న లెక్క, నాకు ఇలాంటి పిల్లల దగ్గరే ఒంటబట్టింది. పని తప్పించుకోవడమే వాడికి దక్కుతున్నది అయితే, బయట నిలబెట్టడం శిక్ష కాదు, బహుమతి అవుతుంది. సందర్భం ఇచ్చి 'ఇది ఏ రకం పునర్బలనం (ప్రవర్తనను మళ్లీ చేయించే ఫలితం)' అని అడిగినప్పుడు ఆ ముఖం గుర్తొస్తే జవాబు దానంతట అదే వస్తుంది.

అభ్యసన వైకల్యం చదివేటప్పుడు ఇంగ్లిష్‌లో బి, డి తారుమారు చేస్తారనే ఉదాహరణ దగ్గర ఆగిపోతాం. మన పిల్లల తెలుగు నోట్‌బుక్ తెరిచి చూడండి. వ, ప, మ కలిసిపోతాయి. దీర్ఘాలు ఎగిరిపోతాయి. ఒత్తు ఒక అక్షరం ముందుకో వెనక్కో పడుతుంది. నాలుగైదు పేరాలు డిక్టేషన్ ఇచ్చి తప్పులను రకాలుగా విడగొట్టి రాసుకుంటే, దోష విశ్లేషణ అనే పాఠం మొత్తం అయిపోయినట్టే. ఇంకో మాట. ఏడో తరగతి పిల్లాడు రెండో తరగతి స్థాయిలో చదువుతున్నాడని రెండో తరగతి వాచకం చేతికివ్వకండి. తోటివాళ్ల ముందు వాడికి అది అవమానం. ఏడో తరగతి సాంఘికశాస్త్రం పాఠాన్నే చిన్న వాక్యాల్లో, పెద్ద అక్షరాల్లో రాసివ్వండి. పక్కన ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి చదివించండి. ప్రశ్న నోటితో అడిగి జవాబు వినండి. పాఠం అదే ఉండి చెప్పే తీరు, రాసే తీరు మారితే అకామొడేషన్. నేర్చుకోవాల్సిందే తగ్గిస్తే మాడిఫికేషన్. ఈ రెండింటి తేడా మీద సందర్భ ప్రశ్నలు తప్పకుండా సాధన చేయండి.

మేధో వైకల్యం విభాగానికి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ తయారుచేసిన ఎఫ్ఏసీపీ, అంటే పిల్లలకు ఏ పనులు వచ్చో చూసుకునే చెక్‌లిస్టు, ప్రాణం లాంటిది. (పాత పుస్తకాల్లో ఎన్ఐఎంహెచ్ అని ఉండేది ఈ సంస్థే, 1984లో మొదలైంది.) ప్రీప్రైమరీ నుంచి ప్రీవొకేషనల్ వరకు స్థాయిలు, 80 శాతం సాధిస్తే పై స్థాయికి పంపడం పుస్తకంలో చదివితే నాలుగు రోజులు ఉంటాయి. ఒక్క పిల్లకు నిజంగా నింపితే మర్చిపోలేం. ఎనిమిదో తరగతి వయసు అమ్మాయిలకు ఐఈపీ (ఒక్కో పిల్లకు విడిగా రాసే విద్యా ప్రణాళిక) రాసేటప్పుడు నేను నెలసరి శుభ్రతను తప్పకుండా లక్ష్యంగా పెడతాను. ప్యాడ్ ఎక్కడుందో తెలియడం, విప్పడం, సరిగా పెట్టుకోవడం, వాడినది కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయడం, చేతులు కడుక్కోవడం అని దశలు విడదీసి, తల్లితో కలిసి, ఇంట్లో స్కూల్లో ఒకే వరుసలో నేర్పిస్తే చాలామంది అమ్మాయిలు నేర్చుకుంటారు. ఇది రాకపోవడం వల్లే బడి మాన్పించిన తల్లిదండ్రులను నేను చూశాను. టాస్క్ అనాలిసిస్ (పనిని దశలుగా విడదీయడం), చైనింగ్ (ఆ దశలను వరుసగా కలపడం), ప్రాంప్ట్ (సాయం, సూచన) ఇవ్వడం, దాన్ని మెల్లగా తగ్గించడం అన్నీ ఈ ఒక్క లక్ష్యంలో ఉన్నాయి. మహిళా టీచర్లు మొహమాటపడకుండా ఈ పని చేయాలి. పురుష టీచర్లు పాఠశాలలోని మేడమ్‌ల సాయం అడగాలి.

వినికిడి విభాగానికి ఆడియోగ్రామ్‌లు (వినికిడి పరీక్ష ఫలితం చూపే గ్రాఫ్‌లు) చేత్తో గీయండి. నిజమైన పిల్లల రిపోర్టులు చూసి ఏ చెవి, ఎంత లోపం, వాహక లోపమా నాడీ లోపమా చెప్పడం సాధన చేయండి. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్న పిల్లకు రోజూ పొద్దున నోరు కనిపించకుండా లింగ్ ఆరు శబ్దాలు, ఆ, ఊ, ఈ, ష్, స్, మ్, పలికి వినిపిస్తోందో లేదో చూడండి. బ్యాటరీ అయిపోయిన సంగతి చాలాసార్లు అప్పుడే తెలుస్తుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు పనిచేసే మిత్రులు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త వ్యాధి) పాఠాన్ని తేలిగ్గా వదలకండి. 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో అదీ ఒకటి. అలాంటి పిల్లకు కావలసింది వేరే పాఠం కాదు. నీళ్లు తాగడానికి, టాయిలెట్‌కు వెళ్లడానికి ఎప్పుడడిగినా అనుమతి, నొప్పి వచ్చి మానేసిన రోజుల నోట్స్, ఎండలో పరుగెత్తించని పీటీ సారు.

సమయం గురించి ఎక్కువ చెప్పను. మన సబ్జెక్టుకు ప్రత్యేకంగా బ్యాచ్‌లు నడిపే కోచింగ్‌లు అరుదు. మేం కొందరం ఐఈఆర్పీలం వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, ఒక్కొక్కరం ఒక వైకల్యం తీసుకుని, ప్రశ్నలు తయారుచేసి ఒకరికొకరం పంపుకున్నాం. ప్రశ్న తయారుచేసేవాడికే పాఠం బాగా వస్తుంది. ఇంటి వద్ద విద్య కోసం ఊళ్లు తిరిగే రోజు పుస్తకం ముట్టుకోలేదు. సాయంత్రం ఆ పిల్లల గురించి ఒక పేజీ రాసుకుని పడుకునేవాళ్లం. చివరి నెలలో కరెంట్ అఫైర్స్, మాక్ టెస్టులు తప్ప కొత్తవి మొదలుపెట్టకండి. టెన్షన్ ఎక్కువైతే చదువుకోవడానికి కాకుండా ఊరికే మీ పిల్లల దగ్గర ఒక పీరియడ్ కూర్చోండి. నాకు అది బాగా పనిచేసింది.

పరీక్ష దగ్గరపడ్డాక తీరిక దొరకని పని ఒకటుంది, అది ఇప్పుడే చేసుకోండి. మీ ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటి వరకు ఉందో చూడండి. అయిపోవచ్చి ఉంటే సీఆర్ఈ (ఆర్‌సీఐ గుర్తించిన నిరంతర శిక్షణ) కార్యక్రమాల్లో పాయింట్లు పూర్తిచేసి రెన్యువల్‌కు పెట్టండి. బీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ మీద, సీఆర్ఆర్ (ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) మీద పేరు, తండ్రి పేరు, స్పెషలైజేషన్ ఒకేలా ఉన్నాయో పోల్చుకోండి. అక్షరం తేడా ఉన్నా దిద్దించడానికి చాలా సమయం పడుతుంది.