కాలర్ ఎముక అతికిన 12 వారాలు

విరిగింది ఎడమ కాలర్ ఎముక. పడింది మట్టిబాటలో, గంటకు 20 కిలోమీటర్లు కూడా లేని వేగంలో. చంద్రగిరి దాటాక మామిడితోటల మధ్య, అడవి హద్దుకు ఇవతల ఉన్న బండిబాట అది. శేషాచలం అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా సైకిలైనా పోకూడదు. అందుకే తిరుపతి చుట్టుపక్కల మౌంటెన్ బైక్ తొక్కేవాళ్ళకు దొరికేవి ఇలాంటి తోటబాటలు, చెరువు కట్టలే.

బాట ఎడమకు తిరిగేచోట గట్టినేల మీద గరుసు పలుచగా పరుచుకుని ఉంది. చక్రానికి ఇంతకన్నా చెడ్డ నేల లేదు. ఇసుకలో టైరు దిగబడుతుంది, బురదలో అతుక్కుంటుంది, ఇక్కడ మాత్రం గోలీల మీద నిలబడినట్టే. మలుపులోకి వచ్చేశాక ముందు బ్రేకు పట్టాను. టైరుకు నేల మీద ఉండే పట్టు ఇంత అని ఉంటుంది. మలుపు తిరగడానికీ, వేగం తగ్గడానికీ అదే పట్టు పంచుకోవాలి. రెండూ ఒకేసారి అడిగితే ముందు చక్రం జారుతుంది. వెనక చక్రం జారితే ఒళ్ళు సర్దుకోవచ్చు, ముందుది జారితే కాలు దించే వ్యవధి ఉండదు. బ్రేకు పని మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉండగానే అయిపోవాలి.

రెండో తప్పు గాలిది. 2.2 అంగుళాల టైరులో 45 పిఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంది. పంక్చరు షాపులో వేలితో నొక్కి, రాయిలా అయ్యేదాకా కొడతారు. మనమూ అదే మంచిదనుకుంటాం. అంత గాలితో టైరు గులకరాయి మీద ఒదగదు, ఎగిరి పడుతుంది. 70 కిలోల మనిషికి ట్యూబు ఉంటే ముందు 28, వెనక 31 చాలు. ట్యూబ్‌లెస్ అయితే ముందు 22, వెనక 25. ట్యూబుతో ఇంకా తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, పాముకాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పల్లేరు ముళ్ళ భయంతో గాలి ఎక్కువ కొట్టడం దండగ. ముల్లు గాలిని చూసి ఆగదు. దానికి మందు ట్యూబ్‌లెస్ టైరులో పోసే సీలెంటే, చిల్లును లోపలి నుంచి పూడ్చే ద్రవం. పెద్ద చక్రానికి 100 మిల్లీలీటర్లు పోయాలి, మన ఎండలకు రెండు నెలలకోసారి చూసి మళ్ళీ నింపాలి.

భుజం నేలకు తగలగానే లోపల ఎండుపుల్ల విరిగిన చప్పుడు వినిపించింది. కాలర్ ఎముక ఎక్కువగా విరిగేది ఇలాగే, భుజం నేరుగా నేలకు కొట్టుకున్నప్పుడు. కుడిచేతి వేళ్ళతో మెడ కింది నుంచి ఎముక వెంట తడుముకుంటూ పోతే, మధ్యలో ఒకచోట మెట్టులా తగిలింది. ఆ క్షణంలో చూసుకోవాల్సినవి నాలుగు. వేళ్ళు కదులుతున్నాయా, స్పర్శ ఉందా. మణికట్టు దగ్గర నాడి అందుతోందా. ఊపిరి తీస్తే రొమ్ములో పొడుస్తోందా. ఎముక కొన చర్మాన్ని లోపలి నుంచి పొడిచి తెల్లగా చేస్తోందా. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆలస్యం పనికిరాదు. నాకు నాలుగూ బాగానే ఉన్నాయి. తువ్వాలును మూలకు మడిచి మోచేతి కింది నుంచి మెడకు కట్టుకుని, ఆటోలో తిరుపతికి వచ్చాను. హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి థర్మోకోల్‌లో వెంట్రుకంత బీట ఉంది. ఒకసారి దెబ్బ తీసుకున్న హెల్మెట్ మళ్ళీ పనికిరాదు, పారేశాను.

ఎక్స్‌రేలో విరుగు మధ్య భాగంలో ఉంది, ముక్కలు ఒకదాని మీద ఒకటి 12 మిల్లీమీటర్లు ఎక్కాయి. చర్మం చీలడం, నరానికో రక్తనాళానికో దెబ్బ తగలడం, ముక్కలు దాదాపు 20 మిల్లీమీటర్లు ఎక్కడం లాంటివి ఉంటే ఆపరేషన్ చేసి ఎముకకు లోహపు ప్లేటు వేసే మాట వస్తుంది. నాకు చేతిని మెడకు వేలాడదీసే పట్టీ, స్లింగ్, చాలన్నారు. స్లింగ్ ఎందుకంటే, మెడ కండరం లోపలి ముక్కను పైకి లాగుతుంది, చేతి బరువు బయటి ముక్కను కిందికి లాగుతుంది. ఆ బరువును మోయడమే స్లింగ్ పని. అందుకే మోచేయి దాని అడుగుదాకా కూర్చోవాలి, మణికట్టు మోచేతికన్నా కొంచెం ఎత్తులో ఉండాలి. చెయ్యి వేలాడితే స్లింగ్ మెడకు అలంకారమే.

ఇంటికి చేరేసరికి మా పెద్దమ్మ వచ్చి కూర్చుంది. "పుత్తూరుకు పొయ్యి కట్టు కట్టించుకో నాయనా, ఎట్లాంటి ఎముకైనా అతుకుతుంది" అంది. కోడిగుడ్డు తెల్లసొన, ఆకు పసరు, వెదురు బద్దలతో వేసే పుత్తూరు కట్టు మీద మా జిల్లాలో ఉన్న నమ్మకం చిన్నది కాదు. చెయ్యికీ కాలికీ బద్దలు నిలుస్తాయి. కాలర్ ఎముకకు అటూ ఇటూ బద్ద నిలిచే చోటే లేదు, బిగించి కడితే చంకలో నరాలు నొక్కుకుంటాయి. ఎక్స్‌రే చూపించి ఈ మాటే చెప్పాను, పెద్దమ్మ ఒప్పుకుంది.

మొదటి పది రోజులు నిద్రే కష్టం. వెల్లకిలా పడుకుంటే ముక్కలు కదిలినట్టు కటకటమంటుంది. గోడకు మూడు దిండ్లు పేర్చి సగం కూర్చుని పడుకోవాలి, మోచేతి కింద ఇంకో చిన్న దిండు పెట్టాలి. ముందు బొత్తాలున్న చొక్కాయే వేసుకోవాలి. తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. చంకలో చెమటకు చర్మం ఒరుసుకుపోతుంది కాబట్టి మెత్తటి నూలుగుడ్డ మడిచి పెట్టి, రోజుకు రెండుసార్లు మార్చాను. వేళ్ళు, మణికట్టు, మోచేయి మాత్రం మొదటి రోజు నుంచే ఆడించాలి. లేకపోతే ఎముక అతికేలోపు మోచేయి బిగుసుకుపోతుంది.

మూడో వారంలో కటకట ఆగింది. డాక్టరు చెప్పాక లోలకం వ్యాయామం మొదలైంది. ముందుకు వంగి కుడిచేత్తో బల్ల పట్టుకుని, ఎడమచెయ్యి వేలాడేసి, అన్నం పళ్ళెమంత వలయాలు అటు పది, ఇటు పది. రోజుకు నాలుగుసార్లు. ఆ తర్వాత గోడ మీద వేళ్ళతో పాకడం, అదీ భుజం ఎత్తుదాకానే. ఆరో వారం ఎక్స్‌రేలో విరుగు చుట్టూ మబ్బులా కొత్త ఎముక కనిపించాకే చెయ్యి తలపైకి లేపాను. ఎనిమిదో వారంలో లీటరు నీళ్ళ సీసాతో బరువులు.

సైకిల్ ఎక్కే వేళకు నాకున్న రెండు సైకిళ్ళలో, రోడ్డుదా మట్టిదా, ఏది ముందన్నది అసలు ప్రశ్న. తారురోడ్డు మీద చేతులకు పడే బరువు నిలకడగా ఉంటుంది. మట్టిబాటలో ప్రతి రాయీ హ్యాండిల్‌ను గుంజుతుంది, చిన్నగానైనా పడటం ఖాయం. సగం అతికిన ఎముక మీద మళ్ళీ పడితే ఈసారి ప్లేటే. అందుకని ఏడో వారంలో రోడ్డు, 12 వారాలు నిండాక మట్టి. రోడ్డుకు ముందు ఒక పరీక్ష పెట్టుకున్నాను. మన దేశంలో ఎడమ పక్కన పోతాం. బండి వచ్చేది కుడి వెనక నుంచి, చెయ్యి చూపేదీ కుడిచేత్తోనే. అప్పుడు హ్యాండిల్‌ను మోసేది ఎడమచెయ్యి, అంటే విరిగిన వైపు. ఖాళీ మైదానంలో ఎడమచేత్తో మాత్రమే పట్టుకుని, వెనక్కి తిరిగి చూస్తూ ఐదు సెకన్లు గీత తప్పకుండా పోగలిగాకే రోడ్డెక్కాను. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ కింద స్పేసర్లు, అంటే ఎత్తు రింగులు, మార్చి హ్యాండిల్ 2 సెంటీమీటర్లు లేపాను, 28 ఎంఎం టైర్లలో ముందు 65, వెనక 70 పిఎస్ఐ పెట్టాను.

ఎముకలు విరగడం లెక్కన చూస్తే మట్టిబాటే ఎక్కువ విరుస్తుంది. అయినా నాకు ఎక్కువ భయం రోడ్డంటేనే. మట్టిలో నేను పడితే కారణం నేనే. బ్రేకు, గాలి, చూపు, అన్నీ దిద్దుకోగలిగేవే. రోడ్డు మీద నా తప్పేమీ లేకున్నా వెనక నుంచి వచ్చేవాడి కునుకు చాలు. తెల్లవారుజామున తిరుపతి దారుల్లో చెన్నై నుంచి, బెంగళూరు నుంచి రాత్రంతా నడిపి వచ్చే భక్తుల బండ్లు ఉంటాయి. శ్రీవారి మెట్టు వైపు ఆటోలు, వ్యాన్లు పరుగు మీద ఉంటాయి. తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు) రోడ్డంచున నడిచిపోయే భక్తుల గుంపులు చీకట్లో కనపడవు. వెనక ఎర్రలైటు, ముందు 400 ల్యూమెన్ల లైటు లేకుండా ఆ వేళ సైకిల్ బయటికి తీయను. వేగం సంగతీ ఉంది. భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు గంటకు 50 ఇట్టే వస్తుంది. 20లో పడినదానికన్నా 50లో పడితే దెబ్బలో ఉండే శక్తి ఆరు రెట్లు దాటుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. తొడుక్కున్నది పలుచటి జెర్సీ ఒక్కటే.

ఆ భయంతోనే రోడ్డు వదులుకోలేను. 12 కిలోమీటర్ల దూరంలోని శ్రీనివాసమంగాపురం వైపు పోతుంటే సూర్యుడు వెనక లేస్తాడు, కుడివైపు కొండ చరియలు కొన నుంచి పాదం దాకా మెల్లగా ఎర్రబడతాయి. నిమిషానికి 85, 90 చుట్లు తిరిగే పెడల్‌తో ఊపిరి జత కలుస్తుంది, గంట గడిచిన సంగతి తెలియదు. మట్టిబాట ఆనందం వేరు. చూపు ఐదారు మీటర్ల ముందు ఉంటుంది, ప్రతి రాయికీ ఒక నిర్ణయం. ఇంకో ఆలోచనకు చోటే ఉండదు. నా కాళ్ళకు 15 కిలోమీటర్ల మట్టి 40 కిలోమీటర్ల తారుతో సమానం. రోడ్డు మీద రెండు గంటలు దాటితే ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతాయి, అరచేతి అంచున నరం నొక్కుకుంటుంది కాబట్టి. పది నిమిషాలకోసారి పట్టు మారిస్తే సరిపోతుంది.

13వ వారంలో అదే బాటకు పోయాను. మలుపుకు ముందు దిగి నడిచి చూస్తే లోపలి అంచున గరుసు ఎక్కువ, బయటి అంచున మట్టి గట్టిగా ఉంది. బయటి నుంచి, బ్రేకు వదిలేసి తిరిగాను. విరిగినచోట ఇప్పుడు ఉసిరికాయంత గట్టి బొడిపె ఉంది, నెలల మీద అరుగుతుందన్నారు. వీపుసంచి పట్టీ సరిగ్గా దాని మీదే ఆనుతోంది. ట్యూబు, పంపు, టైరు లీవర్లు నడుము సంచిలోకి మార్చాను. నీళ్ళు రెండు సీసాల్లో ఫ్రేముకు.