గుంటూరు దారిలో పికప్పు లెక్క

మా కారం మిల్లుకు సొంత పికప్పు ఉండాలని మావారి పట్టుదల. ఏటా మిరప సీజన్ మొదలయ్యే ముందు ఈ మాట లేస్తుంది, గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేనాటికి సద్దుమణుగుతుంది. ఈసారి ఆయన చేతికి కొత్త వాదన దొరికింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. "పది లక్షల బండి మీద ఎంత మిగులుతుందో నువ్వే చూడు" అని క్యాలెండర్ కాగితం వెనక లెక్క వేసి చూపించారు. కొనకపోతే పదికి పది లక్షలూ మిగులుతాయి కదండీ అన్నాను. ఆ పూట కాఫీ మౌనంగా తాగారు.

మిల్లు ఖాతాలు రాసేది నేను. సరుకు కొనడానికి గుంటూరు వెళ్లేదీ నేనే. మామూలుగా నేను బస్సులో వెళ్తాను, కిరాయి బండి తరువాత వస్తుంది. ఈ ఫిబ్రవరిలో మాత్రం పికప్పు ముందు సీట్లోనే వెళ్లి, అందులోనే తిరిగి వచ్చాను. కొనబోయే వస్తువు రోజంతా ఎలా బతుకుతుందో దగ్గర నుంచి చూడాలనిపించింది.

మాకు ఎప్పుడూ వచ్చే బాబాయ్‌ది విజయవాడ పటమట. బొలెరో పికప్పు, దానికి ఓనరూ డ్రైవరూ ఆయనే. తెల్లవారకముందే కానూరులో మా గుమ్మం ముందు హారన్ కొట్టారు. నేను ఎక్కబోతుంటే సీటు మీద తువ్వాలు పరిచి, "నడుము జాగ్రత్తమ్మా, ఖాళీ బండి" అన్నారు. ఆ మాటకు అర్థం బెంజి సర్కిల్ చేరేలోపే తెలిసింది. వెనక కమాన్ కట్టలు టన్నున్నర బరువుకు లెక్కగట్టి వేసినవి. పైన బరువు లేకపోతే అవి వంగవు, రోడ్డు మీద ప్రతి గతుకూ నేరుగా మన వెన్నుకు చేరుతుంది. లోడు పడ్డాక ఇదే బండి మెత్తగా నడుస్తుందని బాబాయ్ అంటే సాయంత్రం దాకా నమ్మలేదు.

ప్రకాశం బ్యారేజీ మీదికి పెద్ద బండ్లను రానివ్వరు. ఎటూ మా దారి హైవేనే కాబట్టి కనకదుర్గ వారధి ఎక్కాం. కృష్ణలో నీళ్లు తక్కువగా ఉన్నాయి, ఇసుక తిన్నెల మీద పొగమంచు. చూసే తీరిక బాబాయ్‌కి లేదు. రాజధాని పనులు మళ్లీ ఊపందుకున్నాక తాడేపల్లి దగ్గర టిప్పర్లు వరసగా దిగుతున్నాయి, వాటి మధ్య దూరడంలోనే ఆయన ధ్యాసంతా.

మంగళగిరి కొండ కనిపించాక నా సంచిలోంచి పుస్తకం తీశాను. బాబాయ్ ఓరగా చూసి, "ఇన్‌కమ్ టాక్స్ వాళ్లలా అడగకండమ్మా, ఒక్కొక్కటీ అడగండి" అన్నారు.

లోడుతో లీటరుకు ఎంత ఇస్తుంది? పదకొండు కిలోమీటర్లు, ఊళ్లో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంకా తక్కువ. డీజిల్ ఆ రోజుకు మన దగ్గర 97 రూపాయల పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్ ఉంటుంది, దాని మీద లీటరుకు నాలుగు రూపాయల అదనపు పన్ను, పైన రోడ్ల సెస్సు ఒక రూపాయి. కర్ణాటక వైపు వెళ్లే లారీలు అక్కడే ట్యాంకు నింపుకుని రావడానికి కారణం ఇదే. గుంటూరు రానూపోనూ, యార్డులోనూ ఊళ్లోనూ తిరుగుడుతో కలిపి 85 కిలోమీటర్లు అనుకుంటే దాదాపు ఎనిమిది లీటర్లు, 750 రూపాయలు. కాజ టోల్ ప్లాజా దగ్గర ఫాస్టాగ్ కూత పెట్టింది. ఏడాదికి 3,000 కట్టి 200 సార్లు దాటే పాసు 2025 ఆగస్టు 15 నుంచి వచ్చింది కానీ అది సొంత కార్లకే, పసుపు నంబరు ప్లేటుకు లేదు. టోలుతో కలిపి ఒక ట్రిప్పు ఖర్చు 1,100 దగ్గర ఆగింది. బాబాయ్ మా దగ్గర తీసుకునేది మూడు వేలు.

"అంటే మీకు 1,900 మిగులు" అన్నాను. ఆయన నవ్వలేదు. "బండి నిలబడి ఉన్న రోజు ఖర్చు కూడా రాసుకోండమ్మా" అన్నారు.

నాకు కావలసింది అదే. కొత్త బండికి ఎనిమిది లక్షలు అప్పు, పది శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెల వాయిదా 17 వేలు. డ్రైవరుకు 18 వేలు, బత్తా వేరు. బీమాలో మూడో పక్షం (థర్డ్ పార్టీ) ప్రీమియమే ఏడున్నర టన్నుల లోపు సరుకు బండికి 16,049 రూపాయలు. సొంత నష్టం బీమా, పన్నులు కలిపితే ఏడాదికి నలభై వేల దాకా వెళ్తుంది, అంటే నెలకు 3,300. టైర్లు, ఆయిలు, సర్వీసు పేరున నెలకు మూడు వేలు పక్కన పెట్టాలి. చక్రం తిరగకముందే 41,300. ట్రిప్పుకు 1,900 చొప్పున భాగిస్తే నెలకు ఇరవై రెండు ట్రిప్పులు తేలింది. మాకు మంచి సీజన్‌లోనే గుంటూరు పని వారానికి ఒకటి, మహా అయితే రెండు.

ఇంట్లో ఏం అడుగుతారో నాకు తెలుసు కాబట్టి మావారి తరఫు వాదన కూడా నేనే వేసుకున్నాను. ఐదేళ్ల తరువాత బండిని మూడున్నర లక్షలకు అమ్ముకోవచ్చు. మొదట్లో చేతి నుంచి కట్టే రెండు లక్షలు తీసేసినా నెలకు రెండున్నర వేలు కలిసి వస్తుంది. ఇరవై రెండు కాస్తా దాదాపు ఇరవై అయింది. డ్రైవరు లేకుండా మావారే తోలితే? కారు లైసెన్సు చాలు. ఏడున్నర టన్నుల లోపు రవాణా బండికి వేరే ఆమోదం అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. సరుకుతో కలిపి మొత్తం బరువు మూడు టన్నులు దాటని బండికి పర్మిట్ కూడా అక్కర్లేదు. అప్పుడు ట్రిప్పులు పదకొండుకు దిగుతాయి. అయితే ఆయన స్టీరింగ్ పట్టుకున్న రోజున మిల్లులో కారం విసిరే రాళ్లకు గంట్లు కొట్టేదెవరు, మోటారు ఆగితే చూసేదెవరు?

పెదకాకాని దగ్గర టీకి ఆగాం. గుడి వైపు నుంచి ఒక కొత్త పికప్పు వస్తోంది. బంపరుకు బంతిపూల దండ, అద్దానికి పసుపు కుంకుమలు, వెనక పెట్టెలో ఇంటిల్లిపాదీ నిలబడి ఉన్నారు. ముచ్చటగానే ఉంది. బాబాయ్ గ్లాసు ఊదుకుంటూ, "నిమ్మకాయలు తొక్కిన రోజు నుంచే వాయిదా మొదలు" అన్నారు. ఆయన బండి అప్పు ఏనాడో తీరిపోయింది, అందుకే అలా అనగలిగారు.

గుంటూరు మిర్చి యార్డులోకి అడుగు పెట్టగానే వచ్చే మొదటి తుమ్ముకు ఎన్నేళ్లయినా అలవాటు పడలేం. బాబాయ్ తువ్వాలు ముక్కుకు కట్టేశారు, నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఎటు చూసినా టిక్కీలే, అంటే మిరప గోతాలే. గోతాల నోళ్లు విప్పి, గుప్పెళ్లతో కాయ తీసి విరిచి వాసన చూసే కొనుగోలుదారులు, కమీషన్ కొట్ల గుమస్తాలు, నెత్తిన బరువుతో పరుగుతీసే ముఠా కూలీలు. ఘాటుకు తేజ, రంగుకు బాడిగ రకం, మా మిల్లు కలపడంలో ఉండే సూత్రం అంతే. ఆ పొద్దు తేజలో తాలు కాయ ఎక్కువగా కనిపించింది. తెల్లబడిన కాయ ఒక గుప్పెడు కలిసినా కారం రంగు పాడవుతుంది, అందుకని మాకు అలవాటైన కొట్లో పక్కన పెట్టించిన సరుకు కోసమే చాలాసేపు కూర్చున్నాను.

లోడింగ్ అప్పుడు గమనించిన విషయం ఏ షోరూమ్‌లోనూ చెప్పరు. టిక్కీ నలభై కిలోల పైన ఉంటుంది. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో వేసేసరికి బండి అంచులు నిండి, గోతాలు పైకి లేచాయి. తూకం చూస్తే ఇంకా టన్ను మీద కొంచెమే. ఎండు మిరపకు బరువు కంటే చోటు ఎక్కువ కావాలి. 1.7 టన్నులు మోస్తుందని ఎక్కువ ధర పెట్టి కొన్న బండి కూడా మా సరుకుకు దాదాపు ఇంతే మోస్తుంది. పైకి ఇంకా పేర్చితే తాడు బిగించినా మలుపులో ఒరుగుతుంది. అవే గోతాల్లో ధనియాలు, పసుపు కొమ్ములు అయితే సంగతి వేరు.

ఎక్కించే కూలి, కాటా డబ్బు, పట్టా కప్పి తాడు కట్టించినందుకు చాయ్ డబ్బులు సొంత బండికైనా కిరాయి బండికైనా ఒకటే. ఈ పద్దు మావారి లెక్కలో తగ్గింపు కింద ఉంది, కొట్టేశాను.

అరండల్ పేటలో భోజనం చేసి బయలుదేరాం. లోడు బండి గురించి బాబాయ్ చెప్పింది నిజమే, తిరుగు ప్రయాణంలో కునుకు పట్టేంత మెత్తగా ఉంది. కానీ నిద్రపోనివ్వలేదు, ఈసారి ఆయనే మాట్లాడారు. ఒంటి చేత్తో ట్రిప్పులు ఎలా నింపుకుంటారో చెప్పుకొచ్చారు. ఫిబ్రవరి నుంచి మిరప, ఎండలు ముదిరితే నున్న మార్కెట్‌కు మామిడి, పెళ్లిళ్ల ముహూర్తాల్లో షామియానా సామాను, గొల్లపూడి హోల్‌సేల్ కొట్ల సరుకు, మధ్యలో ఇళ్లు మారేవాళ్లు. ఆషాఢం వస్తే సగం రోజులు బండి చెట్టు కిందే. ఎక్కడికి వెళ్లినా తిరుగు లోడు దొరికితేనే ఆ రోజు గిట్టుబాటు. ఇవాళ కూడా ఉదయం ఖాళీగా వచ్చామా, అది నేనిచ్చే కిరాయిలోంచే పోయింది. ఆయన ఇరవై రకాల వాళ్ల దగ్గర తెచ్చుకునే పనిని నేను ఒక్క మిల్లుతో నింపాలి.

ఊళ్లో సరఫరాకు వాడుకోవచ్చు కదా అన్నాను. మా కారం ప్యాకెట్లు పటమట, బందరు రోడ్డు, వన్‌టౌన్ కిరాణా కొట్లకు రోజూ వెళ్తాయి. బాబాయ్ తల అడ్డంగా ఊపారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగ గొట్టం దారిలో మసి పట్టే జల్లెడ ఉంటుంది. హైవే మీద ఇంజను బాగా వేడెక్కితే ఆ మసి దానంతట అదే కాలిపోతుంది. రెండు వీధులు వెళ్లి ఆగి, మళ్లీ రెండు వీధులు వెళ్లే పనికి అంత వేడి పుట్టదు, మసి పేరుకుని డాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది. ఆయనకు తెలిసిన కుర్రవాడు పాల ప్యాకెట్లు వేయడానికి డీజిల్ పికప్పు కొని, ఆ దీపం ఆర్పించుకోవడానికి వర్క్‌షాపు చుట్టూ తిరుగుతున్నాడట. వన్‌టౌన్ సందుల్లోకి పికప్పు మలుపు తిరగడమే గగనం, అక్కడ మా పని ఇప్పటికీ ట్రాలీ ఆటోదే.

ఇంటికి ముందే ఆటోనగర్‌లో దించమన్నాను. సెకండ్ హ్యాండ్ పికప్పు ఒకటి ఉందని ఒక బ్రోకరు మావారికి ఫోనులో ఫొటోలు పంపాడు, ధర కొత్తదానిలో సగం. తెల్లగా మెరుస్తోంది. బాబాయ్ బయటి రంగు వైపు చూడనేలేదు. సీటు లేపి కింద పట్టాల మీద వేలు పెట్టి రాశారు, ఎండిన బంక మట్టి గోటికి వచ్చింది. సీటు బోల్టుల చుట్టూ తుప్పు, హెడ్‌లైటు లోపల నీటి చార. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటివి కడిగి, రంగు వేసి, వైరింగు లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియకుండా చేతులు మారుతున్నాయి. బ్రోకరు అది వర్షంలో పడిన మట్టి అన్నాడు. సీటు కింద వర్షం కురిసిందా అని అడిగి బాబాయ్ తలుపు వేసేశారు.

రాత్రి పుస్తకం మావారి ముందు పెట్టాను. ఇరవై ట్రిప్పుల దగ్గర ఆయన వేలు ఆగింది. తరువాత శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ సంగతి ఎత్తారు, ఐదుగురు కూర్చోవచ్చు, వెనక సరుకూ వేయొచ్చు అని. పాతిక లక్షల పైమాట, వెనక పెట్టెలో పట్టేది పది టిక్కీలు అన్నాను. సంక్రాంతికి ఊరికి వెళ్లడానికి బాగుంటుంది కదా అన్నారు. అది మిల్లు పద్దులో రాయనని చెప్పాను, ఇంటి పద్దులో రాసుకుంటే నాకు అభ్యంతరం లేదు.

మర్నాడు బాబాయ్‌తో బేరం కుదుర్చుకున్నాను. మే దాకా ప్రతి సోమవారం ఆయన బండి మాది, సరుకు ఉన్నా లేకపోయినా ఆ రోజు డబ్బు ఇవ్వాల్సిందే, అందుకు మూడు వేలు కాకుండా 2,600. రెండో ట్రిప్పు పడితే పాత రేటే. కొత్త పట్టా కొనడానికి కొంత ముందుగా ఇచ్చాను. "మామిడి మొదలయ్యాక మాత్రం ఒక రోజు ముందు ఫోను చేయాలమ్మా, నున్న వాళ్లకు మాట ఇచ్చేశాను" అన్నారు. సరే అన్నాను.